ఇండియా నుంచి దత్తత బిడ్డను అమెరికాలోని ఇంటికి తెచ్చుకోవడం ఎలా

శిశుగృహ మెట్లు దిగుతూ మా పాప ఒక్కసారిగా ఆగిపోయింది. నాలుగేళ్ళ పిల్ల. ఒక చేతిలో నా వేలు, ఇంకో చేతిలో ఆయా కొంగు. "అమ్మతో వెళ్ళు తల్లీ" అని ఆయా బుజ్జగిస్తుంటే, "నువ్వే కదా అమ్మవి" అంది. రెండున్నరేళ్ళుగా మేము "పాపను ఇంటికి తెచ్చుకుంటున్నాం" అని అందరికీ చెప్పుకుంటూ వచ్చాం. పాప వైపు నుంచి చూస్తే తను ఉన్న ఇల్లు వదిలి వస్తోందని ఆ మెట్ల మీద గానీ నాకు తట్టలేదు.

అమెరికాలో ఉంటూ ఇండియా నుంచి బిడ్డను దత్తత తీసుకోవాలనుకునే తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కాగితాల సంగతి, పిల్ల సంగతి రెండూ కలిపే చెబుతాను.

ముందు మీ పాస్‌పోర్ట్ చూసుకోండి

ఏ ఏజెన్సీకైనా ఫోన్ చేసేముందు భార్యాభర్తల్లో ఎవరికి ఏ దేశ పౌరసత్వం ఉందో కాగితం మీద రాసుకోండి. దారి అక్కడే చీలిపోతుంది.

ఇండియా, అమెరికా రెండూ 1993 నాటి హేగ్ దత్తత ఒప్పందంలో ఉన్నాయి. ఇండియాలో అది 2003 నుంచి, అమెరికాలో 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ ఒప్పందం కింద బిడ్డను అమెరికాకు తేవడానికి వేసే మొదటి దరఖాస్తు ఐ-800ఎ. అది వేయాలంటే దంపతుల్లో కనీసం ఒకరు అమెరికా పౌరులై ఉండాలి. ఇద్దరూ హెచ్-1బి మీదో గ్రీన్ కార్డు మీదో ఉంటే ఈ దారి మీకు లేదు. మీకు మిగిలేది వేరే దారి. సాధారణంగా అందులో బిడ్డ రెండేళ్ళపాటు మీ చట్టబద్ధమైన సంరక్షణలో ఉండాలి, మీతోపాటు ఒకే ఇంట్లో ఉండాలి. అంటే ఇద్దరిలో ఒకరు ఇండియాలో రెండేళ్ళు ఉండగలరా అన్న ప్రశ్నకు ముందే జవాబు కావాలి. దేనిమీదా సంతకం పెట్టకముందే దత్తత కేసులు చూసే ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడండి. ఆ గంటకు పెట్టే డబ్బు గురించి ఆలోచించకండి.

ఇండియా వైపు లెక్క మరోలా ఉంటుంది. అక్కడ దత్తత వ్యవహారాలన్నీ చూసేది ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ. అందరూ కారా అంటారు. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న ఎన్‌ఆర్‌ఐలను కారా స్వదేశంలో ఉన్నవారితో సమానంగా చూస్తుంది. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నవాళ్ళ వంతు ఎన్‌ఆర్‌ఐల తర్వాత. చట్టప్రకారం దత్తతకు అర్హత వచ్చిన బిడ్డకు సాధారణంగా 60 రోజుల్లో స్వదేశీ లేదా ఎన్‌ఆర్‌ఐ కుటుంబం దొరకకపోతేనే ఆ బిడ్డ మిగతావారికి అందుబాటులోకి వస్తుంది. ఆ మిగతావారిలో ఓసీఐలకు, భారత సంతతి వాళ్ళకు ప్రాధాన్యం ఉంటుంది.

దీని వల్ల ఏం జరుగుతుందో స్పష్టంగా తెలుసుకోండి. ఆరు నెలల ఆరోగ్యవంతమైన పాప కావాలని ఓసీఐ దంపతులు పట్టుబడితే ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. మీ వంతుకు కనబడేది ఎక్కువగా ఐదేళ్ళు దాటిన పిల్లలు, అక్కాచెల్లెళ్ళు అన్నదమ్ముల్లాంటి తోబుట్టువులు, ఏదో ఒక వైద్య అవసరం ఉన్న పిల్లలు. గ్రహణం మొర్రి, గుండెలో చిన్న రంధ్రం, వినికిడి లోపం లాంటివి కూడా ఆ జాబితాలో ఉంటాయి. మేము ఈ విషయం మీద మూడు నెలలు మాట్లాడుకున్నాం. మీరూ మాట్లాడుకోండి. మనసులో లేనిదాన్ని ఫారంలో "సరే" అని టిక్ చేయొద్దు, ఆ టిక్ వెనక ఒక పిల్లో పిల్లాడో ఉంటారు.

వయసు లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. 2022 దత్తత నిబంధనల ప్రకారం రెండేళ్ళలోపు బిడ్డకు దంపతులిద్దరి వయసు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకు 100, ఆపైన 110. పెళ్ళయి కనీసం రెండేళ్ళయి ఉండాలి. బిడ్డకూ మీకూ కనీసం 25 ఏళ్ళ తేడా ఉండాలి. ఒంటరి స్త్రీలు ఎవరినైనా దత్తత తీసుకోవచ్చు, ఒంటరి పురుషులకు ఆడపిల్లను ఇవ్వరు.

తమ్ముడి బిడ్డను తెచ్చుకుందామనుకుంటే

మన ఇళ్ళలో ఈ మాట చాలా మామూలుగా వస్తుంది. "మీకు పిల్లల్లేరు, మాకు ముగ్గురున్నారు, చిన్నదాన్ని మీరు పెంచుకోండి." పురోహితుణ్ణి పిలిచి దత్తహోమం చేసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రిజిస్టర్ చేయించి, ఆ తర్వాత వీసా కోసం వెతకడం మొదలుపెడతారు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం ఆ దత్తత ఇండియాలో చెల్లుతుంది. దాంతో అమెరికా వీసా మాత్రం రాదు.

హేగ్ పద్ధతిలో బంధువుల బిడ్డను తేవాలన్నా, కన్నవాళ్ళిద్దరూ బతికే ఉంటే, ఆ బిడ్డను సరిగా పోషించలేని స్థితిలో వాళ్ళున్నారని రుజువు కావాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ బాగున్న తమ్ముడు, మరదలు ఆ నిర్వచనంలోకి రారు. దత్తపత్రం ముందే రాయించేస్తే పౌరులైన దంపతులకు ఇక వేరే దారి కూడా దాదాపు మూసుకుపోతుంది. నాకు తెలిసిన ఒక కుటుంబంలో బాబు కన్నతల్లి ఇంట్లోనే ఆరేళ్ళు పెరిగాడు, దత్తత తీసుకున్న తండ్రి పేరుకు మాత్రం, అమెరికాలో. ఆయన సెలవులకు వచ్చినప్పుడు ఎవరిని నాన్నా అని పిలవాలో వాడికి తెలిసేది కాదు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేశారు. అయినా బాధ మొత్తం ఆ పసివాడి మీద పడింది.

కాబట్టి బంధువుల బిడ్డ విషయంలో ముందు లాయరు, తర్వాత కారా, ఆ తర్వాతే ఇంట్లో మాట.

ఫైలు తయారు చేయడం

నేరుగా శిశుగృహకు వెళ్ళి బిడ్డను అడిగే పద్ధతి లేదు. కారా గుర్తింపు, అమెరికాలో హేగ్ గుర్తింపు రెండూ ఉన్న దత్తత ఏజెన్సీ ద్వారానే మీరు కారింగ్స్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు కావాలి. ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంతని అడిగే ముందు, "బిడ్డ వచ్చాక మాకు కష్టమొస్తే ఎవరు ఫోన్ ఎత్తుతారు?" అని అడగండి. ఆ జవాబు తడబడితే వేరే ఏజెన్సీని చూసుకోండి.

తర్వాత హోమ్ స్టడీ. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి మీ పెళ్ళి, సంపాదన, ఆరోగ్యం, మీ బాల్యం, మీరు పిల్లల్ని కొడతారా లేదా అన్నీ అడుగుతారు. "మా నాన్న బెల్టుతో కొట్టేవాడు" లాంటి విషయాలు దాచకండి. దాన్ని మీరు ఎలా దాటారన్నది వాళ్ళకు కావాలి. ఐ-800ఎ వేసే రోజుకు ఆ నివేదిక ఆరు నెలల కంటే పాతది కాకూడదు. ఆమోదం 15 నెలలు ఉంటుంది, వేలిముద్రల గడువూ 15 నెలలే. ఇండియా వైపు పని అంతకంటే ఎక్కువ కాలం పట్టొచ్చు కాబట్టి, గడువు ముగిసే మూడు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని సప్లిమెంట్ 3 ఫారంతో పొడిగించుకోండి.

ఇండియాకు పంపే కాగితాలన్నిటికీ నోటరీ, ఆ పైన మీ రాష్ట్రం నుంచి అపోస్టిల్ ముద్ర (కాగితం అసలైనదేనని వేరే దేశానికి చెప్పే ముద్ర) కావాలి. ప్రతి కాగితానికీ రెండు సెట్లు చేయించుకోండి.

ఇన్ని తనిఖీలు దేనికని విసుగొచ్చినప్పుడు ఒక్క సంగతి గుర్తు చేసుకోండి. 1999లో, మళ్ళీ 2001లో హైదరాబాద్‌లో దత్తత కేంద్రాల పేరిట జరిగిన శిశువుల వ్యాపారం బయటపడింది. లంబాడా తండాల్లో పేద తల్లుల దగ్గర ఆడశిశువులను కొద్ది డబ్బుకు తీసుకుని విదేశాలకు పంపేవారు. అంతకుముందే, 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు గట్టి నియమాలు పెట్టింది, అయినా ఇది ఆగలేదు. ఇవాళ బాలల సంక్షేమ కమిటీ విచారించి, దత్తతకు చట్టప్రకారం అర్హత ఉందని ప్రకటించిన బిడ్డే మీ దాకా వస్తుంది. ఒక్కో సంతకం వెనక ఒక తల్లి దగ్గర బిడ్డను దొంగిలించలేదన్న పూచీ ఉంటుంది. అందుకే "కొంచెం డబ్బిస్తే తొందరగా అవుతుంది" అని ఎవరన్నా చెబితే అక్కడితో ఆ మాట ఆపేసి, మీ ఏజెన్సీకి చెప్పండి. నిబంధనల ప్రకారం విదేశీ దత్తతలో శిశుగృహకు 5,000 డాలర్లు కట్టాలి, రసీదు తీసుకోవాలి. దాని మీద ఎవరికీ చేతిలో ఏమీ పెట్టనక్కర్లేదు.

ఫొటో వచ్చిన రోజు

ఒక రోజు ఈమెయిల్‌లో బిడ్డ ఫొటో, బిడ్డ అధ్యయన నివేదిక, వైద్య పరీక్ష నివేదిక వస్తాయి. ఆ బిడ్డను రిజర్వ్ చేసుకోవడానికి 96 గంటలే ఉంటాయి. రిజర్వ్ చేశాక పూర్తి అంగీకారం తెలపడానికి 30 రోజులు.

ఆ 30 రోజుల్లో చేయవలసిన పని ఒకటుంది. అమెరికాలో పెద్ద పిల్లల ఆస్పత్రులు చాలావాటిలో దత్తత పిల్లల కోసం ప్రత్యేకమైన క్లినిక్‌లున్నాయి. వాళ్ళు నివేదిక చదివి, వీడియో చూసి ఏ సంగతులు ఇంకా అడగాలో చెబుతారు. తల చుట్టుకొలత ఏయే నెలల్లో ఎంతుంది, నెలలు నిండి పుట్టిందా, బరువు పెరుగుతోందా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా. మన చుట్టాల్లో ఉన్న డాక్టరుకు వాట్సాప్‌లో పంపి "ఎలా ఉంది?" అని అడగొద్దు. బిడ్డ వైద్య వివరాలు బిడ్డవి, బంధువుల గ్రూపుల్లో తిరగకూడదు. ఫొటో కూడా అంతే. దత్తత ఆర్డర్ వచ్చేదాకా ఎక్కడా పెట్టకండి.

బిడ్డ ఏ రాష్ట్రం నుంచైనా రావచ్చు. మాకు తెలుగు పాప రావడం అదృష్టం. మాతోపాటు శిక్షణ తీసుకున్న తెలుగు దంపతులకు ఒడిశా బాబు వచ్చాడు. వాళ్ళు అంగీకారం పంపిన రోజునుంచే ఒడియా నేర్చుకున్నారు. ఆకలి, నీళ్ళు, నిద్ర, నొప్పి, బాత్‌రూమ్, "నేనిక్కడే ఉన్నా" – ముందు ఈ ఆరు మాటలు వస్తే చాలు.

వరస తప్పకూడని చోటు

ఇక్కడ ఒక్క అడుగు ముందుకీ వెనక్కీ అయినా బిడ్డ వీసా ఆగిపోతుంది, అందుకని నెమ్మదిగా చదవండి.

మీ అంగీకారం వెళ్ళాక ఆ బిడ్డ పేరు మీద ఐ-800 అనే రెండో దరఖాస్తు వేస్తారు. అమెరికా ఇమిగ్రేషన్ విభాగం దానికి తాత్కాలిక ఆమోదం ఇస్తుంది. అప్పుడు డీఎస్-260 వీసా ఫారం నింపుతారు. ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం కాగితాలు చూసి, ఈ దత్తత ముందుకు సాగవచ్చని హేగ్ ఒప్పందంలోని 5వ, 17వ అధికరణాల కింద లేఖ ఇస్తుంది. ఆ లేఖ చేరాకే కారా నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ ఇస్తుంది. ఎన్‌ఓసీ వచ్చాకే దత్తత ఆర్డర్ కోసం దరఖాస్తు చేస్తారు. 2022 సెప్టెంబరు నుంచి ఈ ఆర్డర్లు కోర్టులకు బదులు జిల్లా కలెక్టర్లు ఇస్తున్నారు. దరఖాస్తు వేసిన రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఆ తర్వాత జనన ధ్రువపత్రం, భారత పాస్‌పోర్ట్, దత్తత హేగ్ ఒప్పందం ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే అనుగుణ్యత పత్రం, చివర ఐహెచ్-3 అనే దత్తత వీసా.

ఐ-800 తాత్కాలిక ఆమోదం, ఢిల్లీ లేఖ రాకముందు దత్తత ఆర్డర్‌గానీ, దత్తత కోసం సంరక్షణ బాధ్యతగానీ తీసుకోకండి. ఎవరు తొందరపెట్టినా సరే. ఎన్‌ఓసీ వచ్చాక మాత్రం, ఆర్డర్ వచ్చేలోగా ఇండియాలోనే బిడ్డను మీ దగ్గర ఉంచుకోవడానికి నిబంధనల్లో వీలుంది. సెలవు దొరికితే ఆ వారాలు బిడ్డ పుట్టిన గడ్డ మీదే గడపండి. మాకు ఐదు వారాలు దొరికాయి. పాప నన్ను మొదటిసారి కొట్టింది, మొదటిసారి నా ఒళ్ళో నిద్రపోయింది ఆ అద్దె ఇంట్లోనే. బయట తనకు తెలిసిన భాష, తెలిసిన ఎండ, తెలిసిన కాకుల అరుపు ఉన్నాయి. ఒక్క మేమే కొత్త.

మీరు వెళ్ళకముందు బిడ్డకు ఏం పంపాలి

అంగీకారం అయినప్పటి నుంచి ప్రయాణం దాకా నెలలు పడుతుంది. ఏజెన్సీ ద్వారా అనుమతి తీసుకుని ఒక చిన్న ఆల్బమ్ పంపండి. అమ్మ, నాన్న, ఇంటి గుమ్మం, పడుకునే మంచం, కుక్కపిల్ల ఉంటే కుక్కపిల్ల. పది ఫొటోలు చాలు, గట్టి అట్ట మీద. వీడియో కాల్‌కు ఒప్పుకుంటే ప్రతిసారీ ఒకే పాట పాడండి, మీ గొంతు గుర్తుపడుతుంది.

ఆయాను అడగవలసిన ప్రశ్నలు రాసి ఉంచుకోండి. ఎన్నింటికి లేస్తుంది? ఏ పాలపొడి, చక్కెర వేస్తారా? అన్నం మెత్తగా కలుపుతారా, చేత్తో తింటుందా? ఎలా నిద్రపుచ్చుతారు, వీపు మీద జోకొడతారా? దేనికి భయం? పక్కన ఎవరు పడుకుంటారు? మా పాప ఇరవై మంది పిల్లల మధ్య చాప మీద పడుకునేది. మేము ఇక్కడ గులాబీ రంగు గది, కొత్త మంచం సిద్ధం చేసి పెట్టాం. మొదటి నాలుగు నెలలు ఆ మంచం మీద ఎవరూ పడుకోలేదు. మా గదిలో నేల మీద ముగ్గురం పడుకున్నాం.

ఇండియాలో కాగితాలు

ప్రతి కాగితాన్నీ తీసుకున్న కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. మా ఆర్డర్‌లో పుట్టిన తేదీ ఒకటి, జనన ధ్రువపత్రంలో మరొకటి పడింది. ఒక అంకె తేడా. అది దిద్దించడానికి మూడు వారాలు పట్టింది, మా ఆయన సెలవు అయిపోయి ఆయన ముందే వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. ఆ మూడు వారాల టెన్షన్ మీకొద్దు.

పేరు విషయంలో మన తెలుగువాళ్ళకు ఉన్న చిక్కు తెలిసిందే. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, లేదా ఇంటిపేరు ఒక్క అక్షరంగా. మీ అమెరికా పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అచ్చం అలాగే బిడ్డ ఇంటిపేరు అన్ని కాగితాల్లో పూర్తిగా రాయించండి. బిడ్డ పాస్‌పోర్ట్‌లో ఒకే పేరు ఉంటే వీసాలో ఎఫ్‌ఎన్‌యూ, అంటే "మొదటి పేరు తెలియదు" అని పడుతుంది, తర్వాత బడి దగ్గర్నుంచి బ్యాంకు దాకా వెంటాడుతుంది. శిశుగృహలో పిలిచిన పేరు మాత్రం తీసేయకండి. మీకు నచ్చిన పేరు పెట్టుకోవాలనుంటే రెండోదిగా చేర్చండి. తనతో తెచ్చుకుంటున్న వస్తువుల్లో అన్నిటికంటే పాతది ఆ పేరే.

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ ఉన్నా దత్తత వీసా ఫైలు ఢిల్లీకే వెళుతుంది. రాయబార కార్యాలయం గుర్తించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష ముందుగానే బుక్ చేసుకోండి. రెండేళ్ళు దాటిన పిల్లలకు టీబీ కోసం రక్తపరీక్ష చేస్తారు. పుట్టగానే టీబీకి వేసే బీసీజీ టీకా వల్ల ఈ పరీక్ష తప్పుగా రాదు. పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, అందులో అనుమానం ఉంటే కఫం కల్చర్‌కు ఎనిమిది వారాలు పడుతుంది. అందుకే తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. టీకాల విషయంలో పదేళ్ళలోపు హేగ్ దత్తత పిల్లలకు వెసులుబాటు ఉంది. అమెరికా చేరిన 30 రోజుల్లో వేయిస్తామని మీరు అఫిడవిట్ ఇస్తే, ఒకే రోజు ఐదు సూదులు గుచ్చే పని తప్పుతుంది.

విమానంలో

వీలైతే ఢిల్లీ నుంచి నేరుగా వెళ్ళే విమానం ఎక్కండి. ఖరీదు ఎక్కువే, పర్వాలేదు. న్యూయార్క్‌కు 15 గంటల పైనే. మధ్యలో అర్ధరాత్రి ఇంకో విమానాశ్రయంలో బిడ్డను నిద్రలేపి పరిగెత్తించడం కంటే నయం. తనకు అలవాటైన ఆహారం దగ్గరుంచుకోండి. మేము మరమరాలు, మెత్తని పెరుగన్నం, అరటిపళ్ళు పెట్టుకున్నాం. శిశుగృహ నుంచి వచ్చిన రోజు వేసుకున్న గౌనును ఉతకకుండా సంచిలో పెట్టాను. పాప ఏడ్చినప్పుడు దాన్ని ముక్కుకు ఆనించుకుని నిద్రపోయింది.

బిడ్డ భారత పాస్‌పోర్ట్, వీసా, ఆర్డర్, అనుగుణ్యత పత్రం చేతి సంచిలోనే ఉండాలి. రాయబార కార్యాలయం సీలు వేసిన కవరు ఇస్తే విప్పకండి. అమెరికాలో దిగిన మొదటి విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ వాళ్ళు మిమ్మల్ని వేరే గదిలో కూర్చోబెడతారు. అది మామూలే. అక్కడినుంచి ఇంకో విమానం ఉంటే నాలుగు గంటల ఎడం పెట్టుకోండి.

మొదటి మూడు నెలలు ఇంట్లో

విమానాశ్రయానికి ఎవరినీ రమ్మనకండి. బెలూన్లు, బోర్డులు వద్దు. ఇది చెప్పడం కష్టం. మనవాళ్ళకు బిడ్డ వచ్చిందంటే పది ఇళ్ళవాళ్ళు వండుకొచ్చి, ఎత్తుకుని ముద్దాడాలి. వాళ్ళ ఆరాటం నిజమైనదే. శిశుగృహలో షిఫ్టుకొక ఆయా మారిన పిల్ల మాత్రం ఎవరు ఎత్తుకున్నా వెళ్ళిపోతుంది. "ఎంత కలుపుగోలు పిల్లో" అని మెచ్చుకుంటారు. మీరు మురిసిపోకండి. అమ్మానాన్నలంటే వేరు అని బిడ్డకు ఇంకా తెలియలేదని దానర్థం. అందుకే మొదటి వారాల్లో అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరి చేతుల మీదే జరగాలి. అమ్మమ్మ వచ్చినా, నానమ్మ వచ్చినా, వాళ్ళు మీకు వండిపెట్టాలి, బిడ్డకు మీరు తినిపించాలి. సత్యనారాయణ వ్రతం, పేరంటం ఆరు నెలల తర్వాత చేసుకోండి.

చుట్టాలతో ముందే మాట్లాడవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. బిడ్డ ముందు "పాపం అనాథ" అనకూడదు. "మీకెంత పుణ్యం" అనకూడదు. "అసలు అమ్మెవరు?" అని అడగకూడదు. "మరి మీకు సొంత పిల్లలు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "ఇది మా సొంత పిల్లే" అని అక్కడే, బిడ్డ వినేలా చెప్పండి.

భాష గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. "ఇంగ్లిష్ త్వరగా రావాలి, బడిలో కష్టం" అని ఇంట్లో తెలుగు ఆపేయకండి. తన వాసనలు, తన మనుషులు, తన వీధి ఒక్కరోజులో పోయిన పిల్లకు మిగిలింది ఆ మాటలే. వాడకపోతే నెలల్లోనే మర్చిపోతారు. ఇంగ్లిష్ బడిలో దానంతటదే వస్తుంది. మా పాప మాట్లాడేది పాలమూరు యాస, మాది గోదావరి జిల్లా. "గిట్లెందుకు జేస్తున్నవ్?" అని నన్ను కోప్పడేది. ఎవరూ దిద్దలేదు. ఇప్పుడు మా ఇంట్లో రెండు యాసలు.

తిండి దాచుకోవడం చూస్తారు. దిండు కింద బ్రెడ్డు ముక్క, జేబులో అన్నం ముద్ద. తిట్టకండి. బిడ్డకు అందే ఎత్తులో ఒక డబ్బాలో బిస్కెట్లు, పళ్ళు ఎప్పుడూ నింపి ఉంచండి. అది ఖాళీ కాదని నమ్మకం కుదిరాక దాచడం తగ్గుతుంది. మాకు పదకొండు నెలలు పట్టింది.

వచ్చిన రెండు వారాల్లో పిల్లల డాక్టరుకు చూపించి, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, సిఫిలిస్, టీబీ, రక్తహీనత, సీసం, థైరాయిడ్, మలంలో పురుగులు, చూపు, వినికిడి పరీక్షలు అడగండి. ఇండియాలో చేసినవైనా మళ్ళీ చేయించాలి. కొన్నిటిని ఆరు నెలల తర్వాత ఇంకోసారి చేస్తారు. సూది అంటే వణికిపోతే ఒక్క రోజులో అన్నీ పూర్తి చేయాలని పట్టుబట్టకండి.

వచ్చాక మిగిలిన కాగితాలు

ఆఫీసు ఇన్సూరెన్సులో బిడ్డను చేర్చడానికి సాధారణంగా 30 రోజులే గడువు, అది మొదట చూడండి. మీ కంపెనీకి ఎఫ్‌ఎంఎల్‌ఏ (కుటుంబ, వైద్య అవసరాల సెలవు) చట్టం వర్తిస్తే దత్తతకు కూడా 12 వారాల జీతం లేని సెలవు ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి కాకుండా ఒకరి తర్వాత ఒకరు తీసుకోండి.

ఐహెచ్-3 వీసా మీద వచ్చిన 18 ఏళ్ళలోపు బిడ్డ, పౌరులైన తల్లిదండ్రులతో ఉండటానికి దేశంలో అడుగుపెట్టగానే అమెరికా పౌరత్వం పొందుతుంది. పౌరసత్వ ధ్రువపత్రం పోస్టులో ఇంటికి వస్తుంది. రాగానే పేరు, తేదీ సరిచూసుకుని, అమెరికా పాస్‌పోర్ట్, సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకోండి. ఈ కాగితాన్ని తేలికగా చూడొద్దు. ఇలా పౌరసత్వం ఇచ్చే బాలల పౌరసత్వ చట్టం 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చింది. అప్పటికే 18 నిండిన దత్తపిల్లలకు అది వర్తించలేదు, పెంచినవాళ్ళు పౌరసత్వం చేయించక, పెద్దయ్యాక దేశం నుంచి పంపేయబడ్డవాళ్ళున్నారు.

తర్వాత భారత పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ కార్డు తీసుకోండి. పుట్టిన దేశానికి వీసా అడక్కుండా వెళ్ళే హక్కు తనకు ఉండాలి. మీ రాష్ట్రంలో దత్తతను మళ్ళీ నమోదు చేయిస్తే స్థానిక జనన ధ్రువపత్రం వస్తుంది, బడికి, డ్రైవింగ్ లైసెన్సుకు పనికొస్తుంది. పన్నులో దత్తత క్రెడిట్ 2025 సంవత్సరానికి గరిష్ఠంగా 17,280 డాలర్లు. విదేశీ దత్తతలో అది దత్తత పూర్తయిన సంవత్సరంలోనే మొదలవుతుంది, కాబట్టి రసీదులన్నీ దాచండి.

కారాకు రెండేళ్ళలో ఆరు నివేదికలు వెళ్ళాలి. మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి. సోషల్ వర్కర్ వచ్చే రోజు ఇల్లు సర్ది, బిడ్డకు కొత్త బట్టలు తొడిగి అంతా బాగుందని చెప్పకండి. నిద్ర పట్టడం లేదంటే లేదని, మీకే డిప్రెషన్‌గా ఉంటే ఉందని చెప్పండి. దత్తత తల్లులకూ అది వస్తుంది. నాకు వచ్చింది. మందులు వాడాను, ఎనిమిది నెలల్లో తేరుకున్నాను.

ఇక ఒక పెట్టె కొనండి, నీళ్ళు దూరనిది. ఆర్డర్, అధ్యయన నివేదిక, శిశుగృహలో తీసిన ఫొటోలు, బిడ్డ దొరికిన చోటు, తేదీ రాసిన కాగితం అన్నీ అందులో పెట్టండి. 18 నిండాక తన మూలాలు తెలుసుకోవడానికి కారాకు దరఖాస్తు చేసే హక్కు నిబంధనల్లో ఉంది, ఆ రోజు ఇవన్నీ కావాలి. ఏజెన్సీ అనుమతితో ఆయా చేత ఒక ఉత్తరం రాయించండి, రాయడం రాకపోతే గొంతు రికార్డు చేసి తెచ్చుకోండి. మా పెట్టెలో అడుగున జిప్ కవర్లో ఆ ఉతకని గౌను ఉంది. మా పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. అప్పుడప్పుడు తనే తీసి చూసుకుని, మళ్ళీ జిప్ గట్టిగా వేసి పెడుతుంది.